కారుకు మోట బొక్కెన రేకు

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో మా ఇంటికి జరిగిన నష్టం ఒక్కటే: కారు తుప్పు పట్టింది. దాన్ని ఎవరూ కొట్టలేదు, కాల్చలేదు. ఎవరైనా కొడతారేమోనని మా నాన్న, మా మాటలో బాపు, దాచిపెట్టాడు. ఆ దాచిపెట్టడమే దాన్ని తినేసింది.

అప్పుడు నేను వరంగల్‌లో డిగ్రీ చదువుతున్నాను. చదువుతున్నానంటే, కాలేజీ మూసి ఉంది కనుక ఇంట్లో ఉన్నాను. మా ఊరు దేవరుప్పులకూ కొడకండ్లకూ మధ్య ఉంటుంది. జనగామలో బస్సుల అద్దాలు పగిలాయనీ, రోడ్డుకు అడ్డంగా మొద్దులు పడేశారనీ రోజుకో కబురు వచ్చేది. నేనూ రెండు ఊరేగింపుల్లో నడిచాను. రెండోదాంట్లో చెప్పు తెగిపోవడంతో చరిత్రలో నా భాగం అక్కడికి ఆగింది. రాళ్లు వేసేవాళ్లెవరో ముందే తెలిసినట్టు బాపు నా వైపు చూస్తూ, కారును ఇక బయట ఉంచొద్దన్నాడు. ఇంగ్లండులో పుట్టిన నల్లటి కారది. హైదరాబాదులో ఒక వకీలు దగ్గర పాతదే కొన్నాడు. దాన్ని పశువుల కొట్టం చివరికి తోయించి, పైన ఎండుగడ్డి కప్పించాడు. దూరం నుంచి చూస్తే గడ్డివాములా ఉండేది. దగ్గరి నుంచి చూస్తే హారన్ ఉన్న గడ్డివాములా ఉండేది.

ఉద్యమం చల్లబడింది. కారు సంగతి మరిచిపోయామని చెప్పలేను. రోజూ గుర్తొచ్చేది, రేపు తీద్దామనుకునేవాళ్లం. ఆ రేపు రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఈలోగా కొట్టం కప్పు కురిసి గడ్డి తడిసింది, ఆరింది, మళ్లీ తడిసింది. పక్కన కట్టేసిన బర్రెలకు కారంటే ప్రత్యేకమైన గౌరవమేమీ లేదు. యూరియా బస్తాలకు తేమ తగలని చోటు కోసం ఊరంతా వెతికి, చివరికి బాపే వాటిని కారులో పేర్చాడు. ఇనుము పాడవడానికి ఏమేం కావాలో నేను కాలేజీలో చదువుకున్నాను. మా కొట్టంలో దేనికీ కొరత రాలేదు.

డెబ్భై ఎనిమిది వేసవిలో గడ్డి తీసి చూశాం. అప్పటికి నేను జనగామలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను, సెలవులకు ఇంటికి వచ్చాను. పైనుంచి కారు బాగానే ఉంది. బాపు తలుపు తెరిచి లోపల కాలు పెట్టాడు. ఆ కాలు కారు దాటి కిందికి వెళ్లి పేడ మీద ఆనింది. ఆయన కొంతసేపు అలాగే నిలబడి, ఇంజను మంచిగానే ఉండొచ్చు అన్నాడు.

నిజంగానే ఇంజను పెద్దగా మొరాయించలేదు. జనగామ నుంచి మెకానిక్ వచ్చి రెండు రోజుల్లో దాన్ని దగ్గించి, తుమ్మించి, చివరికి మాట్లాడించాడు. రేకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతులెత్తేశాడు. స్క్రూడ్రైవరుతో తట్టిన చోటల్లా ఒక తూటు పడుతుంటే, తట్టడం మానేశాడు. కారు నేల మొత్తం, నాలుగు తలుపుల అడుగులూ కోసి కొత్త రేకు అతకాలనీ, అది హైదరాబాదులో అయ్యే పనేననీ, అంతకంటే తుక్కుకు అమ్మడం మేలనీ చెప్పాడు. బాపు ఆయనకు చాయ్ తాగించి పంపాడు. మర్నాడు పొద్దున కమ్మరికి కబురు పెట్టాడు.

ఆ కమ్మరిని నేను వరుస కలిపి మామా అని పిలిచేవాణ్ణి. మనసు బాగుంటే ఆయన నన్ను అల్లుడా అనేవాడు, కోపం వస్తే సారూ అనేవాడు. ఆయన పనిలో పేరు పడ్డది మోట బొక్కెనలకు. ఎద్దులను కట్టి బావిలోంచి నీళ్లు తోడే పెద్ద ఇనుప బొక్కెనలవి. చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్ల బావుల్లో ఆయన చేసినవే దిగేవి. రేకును రేకు మీదికి తెచ్చి రివీట్లు కొట్టి, ఆ అతుకుల్లో ఆముదంలో కాచిన గుగ్గిలంతో తడిపిన నూలు కూరేవాడు. బొక్కెన తయారయ్యాక దాన్ని రాళ్ల మీద ఎత్తి పెట్టి, నిండా నీళ్లు పోసి, కింద పొయ్యిలోని పొడి బూడిద చల్లేవాడు. పొద్దు గూకేదాకా ఆ బూడిద మీద ఒక్క చుక్క గుర్తు పడకపోతేనే రైతుకు ఇచ్చేవాడు. పడితే మళ్లీ మొదటికి. రైతు పర్వాలేదని బతిమాలినా ఇచ్చేవాడు కాదు.

తర్వాత మా ఊరికి కరెంటు వచ్చింది. బావికి మోటారు పెట్టిన మొదటి మనిషి బాపు. రెండేళ్లలో మోట తోలే బావి ఒక్కటీ మిగల్లేదు. బొక్కెనలు గట్ల మీద బోర్లా పడి, కింద కోళ్లు పొదగడానికి పనికొచ్చాయి. మామ కొలిమి వారానికి ఒకసారి, ఎవరి కొడవలి పళ్లకో కక్కు పెట్టి పదును చేయడానికి వెలిగేది. మోటారు పెట్టినందుకు బాపు ఎన్నడూ నొచ్చుకున్నట్టు కనిపించలేదు. కానీ మామ ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తే వేరే వీధి తిరిగి పోయేవాడు. భూపాలపల్లి దిక్కు అడవిలో చెట్లు కొట్టే కూపుల్లో మామ బామ్మర్ది పనిచేస్తున్నాడు. తొలకరి పడంగనే భార్యను తీసుకుని అక్కడికి పోవాలని మామ నిశ్చయించుకున్నాడు. ఆ సంగతి విన్న వారంలోనే బాపు తొర్రూరు పోయి, లారీలకు బాడీలు కట్టే ఒక సేటును కలిసి వచ్చాడు. సేటు సూటిగానే చెప్పాడట, బొక్కెనలు చేసినోడు బండ్లు చేస్తాడని నమ్మకమేందని. ఒక బండి చేసి తెమ్మను, చూసి చెప్త అన్నాడట.

మా ఊళ్లో ఉన్న మోటారు బండి ఒక్కటే. కారు బాగైతే మామకు తొర్రూరులో పని. కాకపోతే గొడ్డలి భుజాన వేసుకుని అడవికి. ఇది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. బాపు మాత్రం తన కారు కోసమే ఇదంతా చేస్తున్నట్టు ముఖం పెట్టుకున్నాడు.

కొత్త రేకు కోసం ఎక్కడికీ పోలేదు. బాపు పాత బొక్కెనలు రెండు మా బావి గట్టున ఉన్నాయి. వాటిని చేసింది మామే, ఇప్పుడు విప్పాల్సిందీ మామే. ఉలి పెట్టి రివీట్ల తలలు ఎగరగొట్టడానికి ఆయన అనుకున్న దానికంటే ఒక రోజు ఎక్కువ పట్టింది. చెమట తుడుచుకుంటూ, "గీ రివీటు ఎవడు కొట్టిండో గని, జర ఎక్కువనే కొట్టిండు" అన్నాడు. వంపు తిరిగిన రేకును కొలిమిలో కాల్చి, దాగలి దిమ్మ మీద సుత్తెతో సాపు చేశాడు. బజార్లో దొరికే రేకు దాని ముందు అట్టముక్క. కారు బరువు ఎంత పెరుగుతుందో నేను లెక్క కట్టి చెప్పాను. బరువుంటేనే గాలికి కొట్టుకపోదని బాపు అన్నాడు.

నాకు అప్పగించిన పని సుద్దముక్కతో గుర్తులు పెట్టడం. సీట్లు తీసేసి, లోపల పడుకుని, ఎక్కడెక్కడ తుప్పు తిన్నదో అక్కడ గీత గీయాలి. గీత లోపలిది మామ ఉలితో కోసి పారేస్తాడు. కొలతలకు నేను కాలెండరు అట్టలు కత్తిరించి, స్కేలు పెట్టి, గ్రాఫు కాగితం మీద బొమ్మ గీశాను. మామ ఒక పాత పంచెను కోసిన ఖాళీ మీద పరిచి, అంచుల వెంట బొగ్గుతో రుద్ది, ఆ గుర్తు చూసి రేకు కోశాడు. పంచె ప్రకారం కోసిన రేకు సరిపోయింది. నా గ్రాఫు కాగితాన్ని మామ భార్య మిరపకాయలు ఎండబోయడానికి అడిగి తీసుకుంది.

నాలుగో రోజు మామ నన్ను పిలిచాడు. నేల పలకలో నాలుగు మూలలా, చేతి గడియారం అంత, నాలుగు తూట్లున్నాయి. తలుపుల అడుగుల్లోనూ వరుసగా సన్నని తూట్లున్నాయి. అన్నింటి చుట్టూ నేను సుద్ద గీత గీసి ఉంచాను.

"గిది జంగు తిన్నదేనా అల్లుడా?" అన్నాడు.

జంగే అన్నాను.

"గింత గుండ్రంగ తింటదా?"

అక్కడ నేను ఆగి ఉండాల్సింది. ఆగకుండా, తుప్పు అనేది ఒక బిందువు దగ్గర మొదలై అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుందనీ, అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపించేదేదైనా వృత్తమే అవుతుందనీ వివరించాను. క్లాసులో చెప్పేటప్పుడు కూడా ఇంత బాగా కుదిరేది కాదు.

"నాలుగూ ఒక్క తీరుగనా?"

నాలుగింటికీ తగిలిన తేమ ఒక్కటే కదా అన్నాను. మామ ఆ తూట్ల అంచు మీద బొటనవేలు ఒక చుట్టు తిప్పి, ఇంకేమీ అడగలేదు. చదువుకున్నవాడికి ఎదురు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. అన్నింటినీ మూసేశాడు.

పదిహేను రోజుల్లో పని అయిపోయింది. వరసగా కొట్టిన రివీట్లు చూస్తే దండ గుచ్చినట్టుండేది. అతుకులన్నింట్లో గుగ్గిలం నూలు కూరడంతో కారు లోపల గుడి వాసన వచ్చేది. ఎక్కేవాళ్లు ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పేవాళ్లు. చివరి రోజు మామ తన రివాజు ప్రకారం కారును రాళ్ల మీదికి ఎక్కించమన్నాడు. లోపల పది బిందెల నీళ్లు పోశాడు. కింద బూడిద చల్లాడు. ఊళ్లో సగం మంది వచ్చి వంగి చూశారు. పొద్దు గూకేదాకా బూడిద బూడిదలాగే ఉంది. బాపు మామ భుజం మీద చెయ్యి వేసి, సీమ దొరలు కూడా ఇంత గట్టిగ చేయలేదన్నాడు. కారుకూ బావి బొక్కెనకూ పనిలో ఏదైనా తేడా ఉందేమోనని అక్కడున్న వాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. ఫిజిక్స్ చెప్పేవాడు కూడా అక్కడే ఉన్నాడు. ఆ నీళ్లు బయటికి పోయడానికి చెంబు పట్టుకుని గంటసేపు ముంచి పోసినవాడు అతనే.

తొర్రూరు ప్రయాణం నాటికి తొలకరి వచ్చింది. బాపు పంచె పైకి కట్టుకుని డ్రైవింగు, పక్కన మామ, వెనక నేను. మామ చెప్పులు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజుకు ప్రత్యేకంగా తలకు నూనె రాసుకుని, పెండ్లిళ్లకు పోయేటప్పుడు కట్టే పంచె కట్టుకున్నాడు. కొడకండ్ల దాటాక వాన అందుకుంది. మా కారు అద్దాలు పూర్తిగా పైకి లేవవు. ముందు అద్దం చుట్టూ ఉండాల్సిన రబ్బరును ఎలుకలు ఎప్పుడో తిన్నాయి. కనుక బయట పడే వానలో మా వాటా మాకు క్రమంగా లోపలికి వచ్చింది.

మొదట పాదాలు తడిశాయి. తర్వాత చీలమండలు మునిగాయి. బాపు బ్రేకు వేస్తే నీళ్లు ముందుకు పోయేవి, వాళ్ల వంతు. గేరు మార్చి కదిలిస్తే వెనక్కి వచ్చేవి, నా వంతు. తలుపుల్లో నిండిన నీళ్లు మలుపు తిరిగినప్పుడల్లా కుండలో తొణికినట్టు చప్పుడు చేసేవి. మామ వంగి, తలుపు సందులోంచి కిందికి చూసి, తృప్తిగా, "ఒక్క సుక్క కిందికి పోతలేదు పటేలా" అన్నాడు.

బాపు కాలితో నీళ్లలో బ్రేకును వెతుక్కుంటున్నాడు. మామ నూనె రాసిన తల మెల్లగా వెనక్కి తిప్పి నన్ను చూశాడు.

"సారూ," అన్నాడు, "గా నాలుగు తూట్లు..."

నాకు అప్పటికే అర్థమైంది. లోపలికి వచ్చిన నీళ్లు బయటికి పోవడానికి ఆ కారును చేసినవాళ్లు పెట్టిన తూట్లవి. వాటికి ఒకప్పుడు రబ్బరు బిరడాలు ఉండి ఉండాలి. తుప్పు సమానంగా వ్యాపించే సిద్ధాంతం నేను మళ్లీ ఏ క్లాసులోనూ చెప్పలేదు.

తిరిగిపోదామా అని బాపు అడిగాడు. మామ వద్దన్నాడు. పోయి చూపియ్యకుంటే రేపు అడవికి పోయి గొడ్డలి పట్టిన రోజు ఈ దారే యాదికొస్తదన్నాడు. మెల్లగా అన్నాడు, వాన చప్పుడులో నాకు సగమే వినిపించింది. ఆ సగం చాలు.

తొర్రూరులో సేటు షెడ్డు ముందే నిలబడి ఉన్నాడు. చేతులు వెనక కట్టుకుని కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి, వెనక తలుపు తెరిచాడు. తలుపుకు ఆని నిలిచిన నీళ్లన్నీ ఒక్కసారిగా ఆయన పాదాల మీదికి దిగాయి. ఆయన పక్కకు కూడా జరగలేదు. పారేదంతా పారనిచ్చి, "బండి తెచ్చిన్రా, బాయి తెచ్చిన్రా పటేలా?" అని అడిగాడు.

షెడ్డులో పనిచేస్తున్న వాళ్లు సుత్తెలు ఆపి నవ్వారు. మామ కారు దిగి, తడిసిన పంచె కుచ్చెళ్లు పిండుకుంటూ, తప్పు తనదేనన్నాడు. నీళ్లు పోయే తూట్లు ముయ్యొద్దుండె, తెల్వక మూసిన అన్నాడు. నేను వెంటనే నోరు విప్పానని రాసుకోవాలని ఉంది. అదే సమయానికి ఒక లారీ షెడ్డులోకి వచ్చి, వెనక్కీ ముందుకూ తిరిగి, ఆగింది. అది ఆగి ఇంజను బందయ్యేదాకా నేను చెట్ల వైపు చూస్తూ నిలబడ్డాను. అప్పుడు చెప్పాను.

"మామ అడిగిండు సేటూ. గుండ్రంగున్నయి, జంగేనా అని రెండుసార్లు అడిగిండు. జంగే అని నేనే చెప్పిన. ముయ్యమన్నది నేనే."

"నువ్వేం జేస్తవు?"

కాలేజీలో ఫిజిక్స్ చెప్తానన్నాను. సేటు తల ఊపాడు. వివరం సరిపోయినట్టే ఉంది. బాపు నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

సేటు లుంగీ ఎగ్గట్టి, మోకాళ్ల మీద కూర్చుని, కారు కిందికి తల పెట్టాడు. చాలాసేపు పెట్టాడు. నీళ్లు ఎప్పటిసంది ఆగి ఉన్నయని లోపలి నుంచే అడిగాడు. కొడకండ్ల దాటినప్పటి సంది అని బాపు చెప్పాడు. సేటు చేత్తో అతుకుల వెంట తడిమాడు, రివీట్లను వేలి గోటితో గీరాడు. లేచి, చేతులు తుడుచుకుని, కరెంటు లేదు కనుక తూట్లు వేసే మిషను నడవదనీ, తలుపులవి తర్వాత చూసుకోవచ్చు గానీ చేతనైతే నేలలోని ఆ నాలుగు తూట్లూ ఇప్పుడే తన ముందు వెయ్యమనీ అన్నాడు.

మామ పనిముట్లు తెచ్చుకోలేదు. పెండ్లి పంచె కట్టుకుని పోయినవాడు సుత్తె పట్టుకుపోడు. షెడ్డులోని సుత్తెలు మూడు నాలుగు చేతిలోకి తీసుకుని బరువు చూసి, ఒకటి ఏరుకుని, తూట్లు కొట్టే గుండ్రటి ఉలి ఒకటి అడిగి తీసుకున్నాడు. కింద మొద్దు ఆనించమన్నాడు. మొద్దు పట్టుకోవడానికి బురదలో పడుకున్నది నేను. ఒక తూటుకు ఒకే దెబ్బ. ఆ తర్వాత అంచును చుట్టూ చిన్న చిన్న దెబ్బలతో కిందికి వంచి, పెదవిలా మలిచాడు. నీళ్లు రేకు వెంట పాకకుండా నేరుగా కిందికి జారిపోతాయి, కాలికి అంచు కోసుకోదు. కారును మొదట చేసినవాళ్లు కూడా ఆ పెదవి పెట్టలేదు. నాలుగోది అయ్యేసరికి నవ్విన వాళ్లు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఒకడు వంగి ఆ పెదవి మీద వేలు పెట్టి చూశాడు.

సేటు ఒక చెంబు నీళ్లు తెచ్చి కారులో పోసి, కింద నుంచి చూశాడు.

"సోమారం నుంచి రా," అన్నాడు మామతో. "రివీట్లు గిక్కడ నడువయి. గ్యాసు వెల్డింగు నేర్చుకోవాలె. ఈ వయసుల నేర్చుకుంటవా?"

"నేర్చుకుంట."

"పంచె కట్టుకొని గ్యాసు కాడికి రావద్దు. నిప్పురవ్వ పడితె మనిషివి మిగలవు. ప్యాంటు తొడుక్కో. ఇంకోటి," అని నా వైపు చూపించాడు, "ఈ సారును షెడ్డుకు తీస్కరాకు."

ఈ రెండు షరతులూ మామకు ఒప్పుదలే. తిరుగు ప్రయాణంలో వాన వెలిసింది. బాపు కూనిరాగం తీశాడు. ఆయన కూనిరాగం తీయగలడని నాకు అప్పటిదాకా తెలియదు. మామ కిటికీలోంచి పొలాలు చూస్తూ, బామ్మర్దికి రాను అని ఉత్తరం రాసిపెట్టమని నన్ను అడిగాడు. ఆ రోజుకు నా చదువు పనికొచ్చింది అంతే.

ప్యాంటు మాత్రం చిక్కయింది. మామకు ప్యాంటు లేదు, పుట్టి బుద్ధెరిగి తొడగలేదు. నడుము కొలత చూస్తే ఊళ్లో నాదే దగ్గరగా ఉంది. కాలేజీ రోజుల్లో కుట్టించిన బెల్‌బాటం ఒకటి నా పెట్టెలో ఉండేది. మోకాలి కింద నుంచి విచ్చుకుని చెప్పులను పూర్తిగా కప్పేసే రకం. దాన్ని తొడుక్కుని మామ ఆదివారం పొద్దున తన వాకిట్లో అటూ ఇటూ నడిచి చూశాడు. ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఇంట్లోకి పోయింది. ఆయన మాత్రం కాళ్ల దగ్గర ఈ గుడ్డ అంతా ఎందుకని సీరియస్‌గా అడిగాడు. ఫ్యాషన్ అన్నాను. ఇంకేమీ అడగలేదు, కానీ ఈసారి నమ్మినట్టు కూడా కనిపించలేదు.

దసరా తర్వాత ఏదో పని మీద తొర్రూరు పోయాను. షరతు ప్రకారం షెడ్డులోకి పోలేదు, రోడ్డు అవతల చాయ్ దుకాణంలో కూర్చున్నాను. మామ నల్లద్దాలు పెట్టుకుని, ఒక లారీ క్యాబిన్ నేల కింద పడుకుని గ్యాసు పట్టుకుని ఉన్నాడు. ప్యాంటు నాదే. మోకాలి కింద విచ్చుకున్న భాగాన్ని రెండు కాళ్లకూ కత్తిరించేసి, ఆ గుడ్డలను తడిపి రెండు అరచేతులకూ చుట్టుకున్నాడు. రెండు కాళ్లూ సమానంగా కత్తిరించాడు, స్కేలు పెట్టకుండానే.